భారం కింద ఋజుత్వం: కిందికి దించిన కారు చక్రాల అమరికపై ఒక ధర్మవిచారం

భగవద్గీత పదమూడో అధ్యాయంలో జ్ఞానలక్షణాలను చెప్పేటప్పుడూ, పదహారో అధ్యాయంలో దైవీసంపదను వివరించేటప్పుడూ ఆర్జవమనే గుణం ప్రస్తావనకు వస్తుంది. ఆర్జవమంటే ఋజువుగా ఉండటం, అంటే మనసులో ఉన్నది, నోటితో పలికేది, చేతితో చేసేది వంకర లేకుండా ఒకే దారిన సాగటం. ఈ గుణాన్ని మెచ్చని మతసంప్రదాయం దాదాపు లేదు గాని, దాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్న దగ్గర మాత్రం ఆలోచనాపరులు రెండు పాయలుగా చీలిపోయారు. నియమం మనిషికన్నా ముందే స్థిరపడి ఉంటుందనీ, దాని నుంచి వెంట్రుకవాసి కూడా తొలగకుండా నిలబడటమే ఋజుత్వమనీ ఒక పక్షం వాదిస్తుంది. నియమం ఏ ప్రయోజనం కోసం పుట్టిందో ఆ ప్రయోజనం కష్టకాలంలోనూ నెరవేరేలా నడుచుకోవటమే ఋజుత్వమని రెండో పక్షం వాదిస్తుంది. ఈ వివాదాన్ని పరీక్షించటానికి, కిందికి దించిన స్పోర్ట్స్ కారు చక్రాల కోణాలను సరిచేసే పని, అంటే వీల్ అలైన్‌మెంట్, అనుకున్నదానికన్నా గట్టి ఆధారమవుతుంది. ఎందుకంటే అక్కడ ఋజుత్వం డిగ్రీల్లో కొలతకు అందుతుంది, ఆ కొలత ఒప్పో తప్పో టైరు రబ్బరు మీద అచ్చుపడి కనిపిస్తుంది.

చక్రానికీ శీలానికీ ముడిపెట్టటం కొత్త విషయం కాదు. కఠోపనిషత్తు శరీరాన్ని రథంగా, ఆత్మను రథికుడిగా, బుద్ధిని సారథిగా, మనస్సును పగ్గాలుగా, ఇంద్రియాలను గుర్రాలుగా చెప్పింది గాని, ఆ రథం ఏ చక్రాల మీద నడుస్తున్నదో విచారించలేదు. ఆ విచారణ పాలి బౌద్ధ వాఙ్మయంలోని అంగుత్తర నికాయంలో, రథకారుడి గురించిన సూత్రంలో కనిపిస్తుంది. పచేతనుడనే రాజు ఆరు నెలల్లో యుద్ధం రానున్నదని చెప్పి ఒక జత చక్రాలు చేయమని రథకారుణ్ణి ఆజ్ఞాపిస్తాడు. రథకారుడు ఆరు రోజులు తక్కువ ఆరు నెలలు ఒక చక్రానికే వెచ్చించి, మిగిలిన ఆరు రోజుల్లో రెండోది ముగిస్తాడు. రెండు చక్రాలూ రాజు కంటికి ఒక్కలాగే ఉంటాయి. అప్పుడు రథకారుడు వాటిని దొర్లించి చూపిస్తాడు: ఆరు రోజుల చక్రం తోసిన ఊపు ఉన్నంతవరకు పోయి, గిరగిర తిరిగి నేలకూలుతుంది, నెలల తరబడి చేసినది ఊపు ముగిసిన చోట ఇరుసుకు బిగించినట్టే నిలబడుతుంది. కూలిన చక్రపు నేమిలో, ఆకుల్లో, నాభిలో, అంటే బయటి వలయంలో, అడ్డకమ్ముల్లో, నడిమి దిమ్మలో, వంకరలు మిగిలిపోవటమే కారణమని అతడు వివరిస్తాడు. ఆనాటి రథకారుడు తానేననీ, అప్పుడు కొయ్యలోని వంకరలు తెలిసినట్టే ఇప్పుడు శరీరంలోని, మాటలోని, మనస్సులోని వంకరలు తెలుసుననీ బుద్ధుడు ముగిస్తాడు.

ఈ కథలో తత్త్వవిచారానికి పనికివచ్చే విషయం, వంకర ఉందన్నది కాదు, అది ఎక్కడ బయటపడిందన్నది. నిలబెట్టి చూసినప్పుడు రెండు చక్రాలూ సమానమే. దొర్లినప్పుడే భేదం తెలిసింది. ఋజుత్వం నిశ్చలస్థితికి చెందిన గుణం కాదనీ, కదలికలోనే దాని సత్యం తేలుతుందనీ ఆ సూత్రం సూచిస్తున్నది. నేటి కారు చక్రం ఆ సూచనను ఇంకొక అడుగు ముందుకు తీసుకుపోతుంది: కదలికలో నిటారుగా ఉండవలసిన చక్రాన్ని నిశ్చలస్థితిలో కావాలనే కొంత వాల్చి ఉంచవలసి వస్తుంది.

ఈ మాట అర్థం కావటానికి మూడు కోణాలను తెలుసుకోవాలి. కారుకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు చక్రం నిలువు నుంచి ఎంత వాలిందో చెప్పేది క్యాంబర్. చక్రం పైభాగం లోపలికి వాలితే నెగటివ్ క్యాంబర్ అనీ, బయటికి వాలితే పాజిటివ్ క్యాంబర్ అనీ అంటారు. పైనుంచి చూసినప్పుడు జత చక్రాల ముందు అంచులు ఒకదానికొకటి దగ్గరవుతున్నాయా, దూరమవుతున్నాయా అని చెప్పేది టో. దగ్గరైతే టో-ఇన్, దూరమైతే టో-అవుట్. స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం ఏ అక్షం చుట్టూ మళ్ళుతుందో, పక్కనుంచి చూసినప్పుడు ఆ అక్షం ఎంత వాలి ఉందో చెప్పేది క్యాస్టర్. ఆ అక్షం పైకొన వెనక్కి వాలి ఉండటం వల్ల మలుపు దాటిన తరువాత స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది. ఈ కోణాల్లో టో అతి సూక్ష్మమైనది, అతి కఠినమైనది కూడా. ఒక చక్రం తాను దొర్లే దిశ నుంచి 1 డిగ్రీ పక్కకు తిరిగి ఉంటే, కిలోమీటరు ప్రయాణంలో అది సుమారు 17 మీటర్ల దూరం పక్కకు ఈడ్చుకుపోయినంత రాపిడికి లోనవుతుంది. డిగ్రీలో పదో వంతు తేడాకే ఆ ఈడ్పు కిలోమీటరుకు 1.7 మీటర్లు. కంటికి ఆనని దోషం వేల కిలోమీటర్ల మీద టైరును అరగదీసేది ఈ లెక్క ప్రకారమే.

ఉదాహరణకు 1989లో షికాగో మోటారు ప్రదర్శనలో లోకానికి పరిచయమైన మజ్దా ఎంఎక్స్-5ను తీసుకోవచ్చు. హిరోషిమా కేంద్రంగా పనిచేసే ఆ సంస్థ, తోషిహికో హిరాయ్ నాయకత్వంలో రూపొందించిన ఈ రెండు సీట్ల తేలికపాటి కారుకు, గుర్రమూ రౌతూ ఏకమైన స్థితిని చెప్పే 'జింబా ఇట్టాయ్' అనే జపాను భావాన్ని ఆదర్శంగా నిలిపింది. దీని నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ అమరిక ఉంది, అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి చొప్పున రెండు చేతులు శరీరానికి పట్టి ఉంచుతాయి. కింది చేతులు శరీరాన్ని కలిసే చోట నడిమధ్యన కాక ఒక పక్కకు తొలగిన బిళ్ళలున్న ఎక్సెంట్రిక్ బోల్టులు ఉంటాయి. వాటిని తిప్పితే చేయి మొదలు లోపలికో బయటికో జరిగి చక్రపు కోణాలు మారతాయి. ఆ విధంగా చక్రాన్ని వాల్చే స్వేచ్ఛను తయారీదారే వాహనంలో పెట్టి పంపాడు. ఆ స్వేచ్ఛకు హద్దులను కూడా తానే రాసిపెట్టాడు.

అటువంటి కారుకు పొట్టి స్ప్రింగులు గాని, ఎత్తును మార్చుకునే వీలున్న కాయిల్‌ఓవర్లు గాని బిగించి యజమానులు కిందికి దించుతారు. గురుత్వకేంద్రం తగ్గితే మలుపులో బరువు ఒక పక్క చక్రాల మీదికి మళ్ళటం తగ్గుతుందన్నది ఒక కారణం. నేలకు దగ్గరగా ఒదిగిన కారు చూడటానికి అందంగా ఉంటుందన్నది రెండో కారణం. అయితే ఎత్తు ఒక్కటే మారాలని కోరినంత మాత్రాన ఎత్తు ఒక్కటే మారదు. పైచేయి కిందిచేతికన్నా పొట్టిది కావటం వల్ల శరీరం దిగినకొద్దీ చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ గీసే వృత్తఖండం, చక్రాన్ని పట్టిన చేతులు గీసే వృత్తఖండంతో పొసగని చోటికి చేరితే టో మారటమే కాక, చక్రం గతుకులో లేచి పడినప్పుడల్లా అది దిశ తప్పుతుంది; దీన్నే బంప్ స్టీర్ అంటారు. మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక ఉన్న కార్లను, అంటే పైచేయి లేకుండా షాక్ అబ్జార్బరే చక్రానికి నిలువు ఆధారమైన కార్లను మితిమీరి దించితే, మలుపులో శరీరం ఏ ఊహాబిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్ గురుత్వకేంద్రంకన్నా వేగంగా కిందికి పోయి, ఒరుగుడు తగ్గించుకోవాలని చేసిన పనే ఒరిగించే శక్తికి బలమిస్తుంది. కర్మసిద్ధాంతం చెప్పేది కూడా ఇదే క్రమం: కర్త తాను కోరిన ఫలాన్ని ఎంచుకోగలడు గాని, దానితో ముడిపడి వచ్చే ఇతర ఫలాలను వద్దనలేడు. కనుక దించటం ఒక స్వేచ్ఛ అయితే, దించిన తరువాత ప్రతి కోణాన్నీ తిరిగి సరిచూడటం ఆ స్వేచ్ఛతో పుట్టిన బాధ్యత.

సరిచూడటమంటే చక్రాలన్నిటినీ మళ్ళీ సున్నా డిగ్రీలకు, అచ్చమైన నిలువుకు తేవటమే కదా అని తోచవచ్చు. ఇక్కడే ఋజుత్వాన్ని గురించిన మొదటి పక్షం గట్టి పరీక్షకు గురవుతుంది. కారు వేగంగా మలుపు తిరిగినప్పుడు శరీరం బయటి వైపు ఒరుగుతుంది, దానితోపాటు బయటి చక్రం కూడా నేలతో పోల్చినప్పుడు బయటికి వాలుతుంది. నిశ్చలంగా ఉన్నప్పుడు నిటారుగా నిలిచిన చక్రం, సరిగ్గా అత్యధిక భారం తన మీద పడిన ఆ క్షణంలో, టైరు బయటి అంచు మీద మాత్రమే నడుస్తుంది. ముందుగానే 1 నుంచి 2 డిగ్రీల వరకు లోపలికి వాల్చి ఉంచిన చక్రం అదే క్షణంలో నిటారుకు చేరువై, టైరు వెడల్పంతటితోనూ నేలను పట్టుకుంటుంది. సుమారు 58 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రం 2 డిగ్రీలు వాలితే దాని పై అంచు కింది అంచుకన్నా 2 సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది; విశ్రాంతిలో వంకరగా కనిపించే ఆ 2 సెంటీమీటర్లే భారంలో ఋజుత్వమవుతుంది.

అరిస్టాటిల్ నికోమాకియన్ ఎథిక్స్ రెండో భాగం చివర దాదాపు ఇదే ఉపాయాన్ని శీలసాధనకు చెప్పాడు. ప్రతి మనిషీ తన స్వభావం తనను ఏ వైపు లాగుతున్నదో గుర్తించి, వంగిన కొయ్యను సరిచేసేవారు దాన్ని ఎదురువైపు వంచినట్టు, తనను తాను వ్యతిరేకదిశలోకి లాక్కోవాలనీ, అప్పుడే మధ్యస్థితికి చేరగలడనీ ఆయన అభిప్రాయం. ఇక్కడ గమనించవలసిన సంగతి, మధ్యస్థితి అందరికీ ఒకే అంకె కాదన్నది. కోపం వైపు ఒరిగే స్వభావం గలవాడు ప్రశాంతంగా ఉన్నవేళ చేసే సాధన, పిరికితనం వైపు ఒరిగేవాడు చేసే సాధన ఒకటి కానక్కరలేదు. ఏ భారం కింద ఎటు ఒరుగుతాడో తెలిసినవాడు ఆ ఒరుగుడుకు ఎదురుగా ముందే సిద్ధపడి ఉంటాడు. వ్రతాలు, ఉపవాసాలు, మౌనం వంటి మతాచారాలు బయటినుంచి చూసేవారికి సహజజీవనంలోని వంకరలుగా తోచవచ్చు గాని, ప్రలోభం మీద పడిన క్షణంలో మనిషిని నిటారుగా నిలిపేందుకు విశ్రాంతివేళ ఏర్పరచుకున్న వాలుగా వాటిని అర్థం చేసుకున్నప్పుడే వాటి విలువ తెలుస్తుంది.

నియమాన్ని అంకెగా మాత్రమే పట్టుకున్నవాడికి ఏమవుతుందో మహాభారతం కర్ణపర్వంలో కౌశికుడి కథ చెబుతుంది. గాండీవాన్ని ఇతరులకిమ్మన్నవాణ్ణి చంపుతానన్న ప్రతిజ్ఞకు కట్టుబడి అర్జునుడు ధర్మరాజు మీదికి కత్తి దూసినప్పుడు, కృష్ణుడు ఈ కథ చెప్పి అతణ్ణి నిలువరిస్తాడు. సత్యమే పలకాలన్న వ్రతం పట్టిన కౌశికుడు, దొంగలకు భయపడి అడవిలో దాగినవారి జాడను ఆ దొంగలు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. దొంగలు వారిని చంపుతారు, కౌశికుడు నరకానికి పోతాడు. అతడి మాట అంకెలో తప్పలేదు. ప్రాణులను నిలబెట్టటమే ధర్మమన్న నేలను మాత్రం ఆ మాట తాకలేదు. ఇదే ప్రశ్నకు జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1797 నాటి వ్యాసంలో పూర్తిగా ఎదురు తీర్పు ఇచ్చాడు: స్నేహితుణ్ణి చంపటానికి వెతుక్కుంటూ వచ్చినవాడికి సైతం అబద్ధం చెప్పే హక్కు ఎవరికీ లేదన్నాడు. ఈ తీర్పును కాఠిన్యమని తోసిపుచ్చటం సులభమే గాని న్యాయం కాదు. సందర్భం పేరిట ఒకసారి సడలింపు మొదలైతే, ఎవరికి వారు తమ సౌకర్యాన్నే ప్రయోజనమని పిలుచుకుని నియమాన్ని వంచుతారన్న భయం కాంట్ వాదానికి మూలం. ఆ భయం నిరాధారం కాదని చక్రాల లోకమే రుజువు చేస్తుంది.

జపానులో కొందరు కారు ప్రియులు చక్రాలను పది డిగ్రీలు దాటి కూడా లోపలికి వాల్చే పద్ధతిని 'ఓనిక్యాన్' అంటారు. అక్కడ వాలు మలుపులోని భారానికి సిద్ధపాటు కాదు, పూర్తిగా రూపం కోసం చేసింది. ఏ మలుపులోనూ ఆ చక్రం నిటారుకు చేరదు. లోపలి అంచు సన్నని పట్టీ మాత్రమే నేలను తాకుతుంది. ఆ అంచు త్వరగా అరిగిపోతుంది, బ్రేకు నొక్కినప్పుడు పట్టు తగ్గుతుంది. అందాన్ని కోరటం పాపమేమీ కాదు. ఒక యంత్రం రూపాన్ని ప్రేమించి దాని కోసం శ్రమించటంలో నిజమైన ఆనందం ఉంది. కాని పట్టు కోసం పుట్టిన వాలు పట్టునే పోగొట్టే దశకు చేరినప్పుడు అది తన కారణాన్ని తానే ఖండించుకుంటుంది. గీత పదమూడో అధ్యాయపు జాబితాలో ఆర్జవంతోపాటు అదంభిత్వం, అంటే చూపరుల కోసం నటించకుండా ఉండటం, ఒకే శ్లోకంలో చేరటాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. భారం కోసం వాలినవాడికీ, చూపు కోసం వాలినవాడికీ బయటి కోణం ఒకటే కావచ్చు. వారిని వేరుచేసేది, ఆ వాలు ఎవరికి జవాబు చెబుతున్నదన్న ప్రశ్న.

కనుక సందర్భాన్ని అంగీకరించటమంటే కొలబద్దను పారవేయటం కాదు. అరిస్టాటిల్ అదే గ్రంథం ఐదో భాగంలో, లెస్బోస్ ద్వీపపు కట్టడపు పనివారు వాడిన సీసపు కొలబద్దను ప్రస్తావించాడు. అది రాతి ఆకారాన్ని బట్టి వంగుతుంది. సాధారణ చట్టం ముందుగా ఊహించని సందర్భాల్లో న్యాయం కూడా అలా వంగాలని ఆయన చెప్పాడు. ఆ కొలబద్ద వంగేది రాతికి అనుగుణంగా, పనివాడి ఇష్టానికి అనుగుణంగా కాదన్నది మరువరానిది. కారు తయారీదారులు ప్రకటించే కొలతల పట్టికలో కూడా ప్రతి కోణానికీ ఒక ప్రమాణంతోపాటు ఇటూ అటూ ఎంతవరకు తేడా ఒప్పుకోవచ్చో, కుడి ఎడమల మధ్య ఎంత భేదం సహించవచ్చో రాసి ఉంటుంది. జపాను వాహన ప్రమాణాలు నేలకూ కారు అడుగుకూ మధ్య కనీసం 9 సెంటీమీటర్ల ఎడం ఉండాలంటాయి. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, వాహనాన్ని తయారీదారు ఇచ్చిన మూల వివరాలకు భిన్నంగా మార్చటాన్ని నియంత్రిస్తుంది. సందర్భానికి తావిస్తూనే దానికి గట్టు కట్టటం ఈ ఏర్పాట్లన్నిటి లక్షణం. ధర్మశాస్త్రాల్లో సామాన్యధర్మం పక్కనే విశేషధర్మం, శాంతిపర్వంలో రాజధర్మం వెంట ఆపద్ధర్మం చోటు చేసుకున్నది కూడా ఈ వివేకంతోనే.

సమత్వమన్న భావం సైతం ఈ వెలుగులో స్పష్టపడుతుంది. మలుపులో లోపలి చక్రం చిన్న వృత్తంలోనూ, బయటి చక్రం పెద్ద వృత్తంలోనూ పయనిస్తాయి కాబట్టి రెండింటినీ సమానకోణంలో తిప్పితే ఒకటి తప్పక ఈడ్చుకుపోతుంది. లోపలి చక్రాన్ని ఎక్కువగా తిప్పే అమరికకు 1818లో ఇంగ్లండులో పేటెంటు తీసుకున్న రుడాల్ఫ్ ఆకర్‌మన్ పేరే నేటికీ నిలిచి ఉంది. రెండు చక్రాలకూ ఒకే కోణం ఇవ్వటం పైకి సమానత్వంలా కనిపించినా, రెండూ ఒరిపిడి లేకుండా దొర్లగలగటమే అసలైన సమత్వం.

సరిచేసే పద్ధతిలోని క్రమానికి కూడా తాత్త్వికమైన అర్థముంది. మొదట టైర్ల గాలి సరిచూసి, సమతలం మీద నిలిపి, కారు ఎత్తును ఖాయం చేస్తారు. ఎత్తు తరువాత మారిస్తే చేసిన పనంతా వృథా అవుతుంది. శ్రద్ధగా చేసేవారు నడిపేవాడి బరువంత బరువును సీటులో పెట్టి కొలుస్తారు, ఎందుకంటే ఖాళీ కారు కోణాలు నడిచే కారు కోణాలు కావు. చేతుల కీళ్ళలోని రబ్బరు బుష్‌లను కారు తన అసలు ఎత్తులో నిలిచినప్పుడే బిగిస్తారు. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే అవి మెలితిరిగి, చక్రాన్ని ఎప్పుడూ పాతస్థితి వైపు లాగుతుంటాయి. ఆపైన వెనక చక్రాలు, తరువాత ముందు చక్రాలు. ముందు చక్రాల్లో క్యాస్టర్, క్యాంబర్ ముగిశాకే టో, ఎందుకంటే మొదటి రెండింటిలో ఏది మారినా టో మారుతుంది. వెనక చక్రాలు కలిసి ఏ దిశకు తోస్తున్నాయో చెప్పే గీతను థ్రస్ట్ లైన్ అంటారు. అది కారు నడిమిగీతకు వాలి ఉంటే, తిన్నగా పోవటానికి సారథి స్టీరింగ్‌ను ఎప్పుడూ కొద్దిగా పక్కకు పట్టి ఉంచవలసి వస్తుంది. కొన్నాళ్ళకు ఆ పట్టు చేతికి అలవాటై, వంకర ఉన్న సంగతే స్ఫురణకు రాకుండా పోతుంది. మనిషి తనలోని మూలదోషాన్ని సరిచేయకుండా వదిలి, దాన్ని కప్పిపుచ్చే అలవాటునే శీలమని భ్రమించటం ఇలాగే జరుగుతుంది. ఆత్మపరిశీలన కంటికి కనిపించే ప్రవర్తనతో మొదలై అక్కడే ఆగకూడదనీ, వెనకనుంచి తోసే సంకల్పాల దిశను ముందుగా చూడాలనీ ఈ క్రమం బోధిస్తుంది.

ఈ విచారణంతటి నుంచి తేలేది, ఋజుత్వానికి రెండు పక్షాలూ చెప్పిన లక్షణాలు విడివిడిగా చాలవన్నది. అంకెకు కట్టుబడటం ఒక్కటే చాలితే కౌశికుడు ధర్మాత్ముడయ్యేవాడు. సందర్భానికి వాలటం ఒక్కటే చాలితే పది డిగ్రీల చక్రం ఉత్తమమయ్యేది. తన మీద పడబోయే భారం ఏదో నిజాయితీగా ఎరగటం, ఆ భారానికి ఎదురుగా ఒప్పుకున్న హద్దుల్లోనే వాలటం, ఆ వాలు సరైనదో కాదో తన అభిప్రాయంతో కాక నేల ఇచ్చే సాక్ష్యంతో తేల్చుకోవటం, ఈ మూడూ కలిసినప్పుడే ఆర్జవం పూర్తవుతుంది. బుష్‌లు అరుగుతాయి, స్ప్రింగులు దిగుతాయి, గతుకులు కోణాలను చెదరగొడతాయి కనుక చక్రాల అమరికను మళ్ళీ మళ్ళీ సరిచూడవలసినట్టే, ఈ మూడింటినీ జీవితమంతా సరిచూసుకుంటూనే ఉండాలి. అది తన ఒక్కడి శుద్ధికి సంబంధించిన విషయం కూడా కాదు. తడిసిన రోడ్డు మీద బ్రేకు నొక్కిన క్షణంలో, అడ్డుగా వచ్చిన బాటసారి ప్రాణం యజమాని సదుద్దేశం మీద ఆధారపడదు, ఆ క్షణంలో రోడ్డును నిజంగా పట్టుకున్న రబ్బరు మీద ఆధారపడుతుంది. ధర్మాన్ని గురించిన ఏ వాదమైనా చివరికి తన వాలు వల్ల ఎదుటివారికి ఏమవుతుందన్న లెక్కకు నిలబడినప్పుడే ఋజువవుతుంది.